44 సెంటీమీటర్ల తెలివి

విమానం ఆకాశంలో ఒకచోట కనిపిస్తుంది, మోత ఇంకోచోటి నుంచి వినిపిస్తుంది. మోత వచ్చిన వైపు తలెత్తితే అక్కడ ఏమీ ఉండదు. చూపు ఇంకా ముందుకు జరపాలి. వేసవిలో మేడ మీద పడుకునే ఏ పిల్లవాణ్ణడిగినా ఈ మాట చెబుతాడు. చిన్నప్పుడు నేనూ చెప్పేవాణ్ణి. పెద్దయ్యాక ఇంజనీరింగు చదివి, శబ్దాల మీద పైచదువు కూడా చదివి, కదిలే బండిలో మోత ఎక్కణ్ణుంచి పుడుతోందో పట్టుకోవడమే ఉద్యోగంగా సంపాదించుకుని, తీరా అవసరం పడిన రోజున మాత్రం చెప్పలేకపోయాను.

తెలియక కాదు, అదే నా బాధ. కొత్తగా చేరిన పిల్లలకి ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలన్నీ నేనే చెప్పేవాణ్ణి. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు ఫిరంగులు ఎక్కడ దాగున్నాయో వాటి మోతని బట్టి కనిపెట్టమని లారెన్స్ బ్రాగ్‌ని 1915లో పంపారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. తండ్రితో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ ఏడే. మామూలు మైకులతో పెద్ద చిక్కొచ్చింది. గుండు గాలిని చీల్చుకుపోయే చప్పుడుకి అవి ఎగిరెగిరి పడతాయి, ఫిరంగి నోటి దగ్గర పుట్టిన అసలు పేలుడుని సరిగా పట్టవు. బ్రాగ్ బస చేసిన ఇంట్లో పాయిఖానాకి కిటికీ లేదు. తలుపేసుకుంటే మిగిలిన రంధ్రం కూర్చునే చోట ఉన్నదొక్కటే. దగ్గర్లో ఫిరంగి పేలినప్పుడల్లా ఆయన కూర్చున్న చోటు నుంచి కాస్త పైకి లేచేవాడు. చెవికి అందని పెద్ద అల ఏదో గాలిలో వస్తోందని అక్కడే అర్థమైంది. కార్పొరల్ టక్కర్ అనే ఆయన, వేడెక్కించిన సన్నని తీగ ఆ గాలి తోపుకి చల్లబడుతుందని గ్రహించి దానితోనే మైకు చేశాడు. అలాంటి మైకుల్ని దూరదూరంగా వరసలో పెట్టి, పేలుడు ఒక్కొక్కదానికీ ఎంత ఆలస్యంగా చేరిందో కొలిచి, ఫిరంగి చోటు లెక్క కట్టారు.

పాయిఖానా దగ్గర పిల్లలు పగలబడి నవ్వేవారు. నేను ఆ నవ్వు ఆగేదాకా ఆగి, బల్ల గుద్ది చెప్పేవాణ్ణి: "ఈ విద్యంతా ఆలస్యాల లెక్కే. ఒక్క ఆలస్యం వదిలేశారా, మునిగారు!"

మునిగింది నేనే.

నా పనిముట్టు సంగతి కొంచెం చెప్పాలి. రెండు మీటర్ల వ్యాసం ఉన్న చట్రం, దాని మీద వంకీలు తిరిగిన చువ్వలు, చువ్వల పొడుగునా చిన్న చిన్న మైకులు, నడిమధ్యన ఒక కెమెరా. మైకుల్ని సమాన దూరాల్లో పేర్చకుండా అలా వంకర తిప్పి పెట్టడానికి కారణం ఉంది. సమానంగా పేర్చి, వాటి మధ్య ఎడం శబ్దతరంగం పొడవులో సగాన్ని మించితే, లేని చోట కూడా మోత ఉన్నట్టు దొంగ మరకలు కనిపిస్తాయి. సుడి ఆకారంలో పెడితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. ఇక కంప్యూటరు చేసే పని సులువుగానే అర్థమవుతుంది. కారు పక్కభాగం మీద వేల చుక్కలు ఊహించుకుంటుంది. మోత ఈ చుక్క నుంచే వచ్చిందనుకుంటే ఏ మైకుకి ఎంత ఆలస్యంగా చేరాలో లెక్క వేసి, మైకుల సంకేతాలన్నిటినీ అంతంత వెనక్కి జరిపి కలుపుతుంది. ఊహ నిజమైతే తరంగాలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుని మొత్తం పెద్దదవుతుంది. అబద్ధమైతే ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. ఇలా చుక్క చుక్కకీ ఒక అంకె వస్తుంది. పెద్ద అంకెకి ఎరుపు, తర్వాతి వాటికి పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఆ రంగుల్ని కెమెరా ఫొటో మీద పరిస్తే శబ్దం కంటికి కనిపిస్తుంది.

ఇందులో ఒక మోసం ఉంది. వేల అంకెల్లో ఏదో ఒకటి అన్నిటికన్నా పెద్దదిగా ఉండి తీరుతుంది. కాబట్టి బొమ్మలో ఎక్కడో ఒకచోట ఎరుపు తప్పకుండా ఉంటుంది. చప్పుడే లేని గోడ ముందు పెట్టినా ఉంటుంది. ఇది కూడా పాఠంలో చెప్పేవాణ్ణి.

అప్పట్లో చెన్నై శివార్లలోని ఒక కార్ల కంపెనీలో పనిచేసేవాణ్ణి. పేరు చెప్పను. ఆ కంపెనీది తప్పేమీ లేదు. ఒక చిన్న కారు గంటకి 70 కిలోమీటర్లు దాటేసరికి గుర్రుమంటోందని ఫిర్యాదు వచ్చింది. కారుని ముందు ల్యాబులో రోలర్ల మీద నిలబెట్టి విన్నాను. రోలర్ల రొదలో ఏదీ తేలలేదు. టెస్ట్ ట్రాకు మీద నడిపించి, పక్కన చట్రం నిలబెట్టి, కారు దూసుకుపోతుంటే కొలుద్దామన్నాను. చట్టం కోసం చేసే పాస్‌బై పరీక్షలో దారి మధ్యగీతకి 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకు పెడతారు. ఆ 7.5 అలవాటైన అంకె కదా అని నా చట్రాన్ని కూడా కారు పక్కకి అంతే దూరంలో పెట్టించాను.

కారు నడిపేది సూళ్లూరుపేట వైపు మనిషి. నాకన్నా బాగా పెద్ద. ఆయన నన్ను సార్ అనేవాడు, నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. మొదటి పరుగు కాగానే అద్దం దించి అన్నాడు: "సార్, ఇది ఎనక టైర్ల గోల. మీరేమో అంత పెద్ద జల్లెడ పెట్టుకోనుండారు."

నేను నవ్వాను. ఎలాంటి నవ్వో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు పేషెంటు తాలూకు వాళ్లని చూసి నవ్వే నవ్వు.

సాఫ్ట్‌వేర్లో కదిలే బండ్ల కోసం వేరే పద్ధతి ఉంది. అది వాడాలంటే కారు ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటరుకి సెంటీమీటర్లలో తెలియాలి. అందుకు దారికి అడ్డంగా ఇక్కడొకటి, అక్కడొకటి లైట్ బ్యారియర్లు బిగించి, వాటి వైర్లని చట్రం దాకా లాక్కురావాలి. మే నెల. ట్రాకు పెనంలా ఉంది. లైట్ బ్యారియర్ల పెట్టె వ్యాన్‌లోనే ఉంది, దింపలేదు. ల్యాబులో నిలబడిన కారుకి వాడే పద్ధతే చాలన్నాను. కారు నా ఎదుటికొచ్చిన ఆ చిన్న ముక్కనే తీసుకుంటాను కాబట్టి అది నిలబడి ఉన్నట్టే లెక్క అని పక్కనున్న కుర్రాడికి వివరించాను కూడా. బద్ధకానికి సిద్ధాంతం తొడిగితే ఎంత హుందాగా ఉంటుందో!

బొమ్మ వచ్చింది. 72 కిలోమీటర్ల వేగం దగ్గర, సుమారు 700 హెర్ట్‌జ్‌లో, వెనక చక్రానికి కాస్త వెనగ్గా ఎర్రటి మరక. ఆ కారుకి సైలెన్సరు డబ్బా సరిగ్గా అక్కడే, డిక్కీ కింద అడ్డంగా ఉంటుంది. బండి అరిస్తే సైలెన్సరనే కదా లోకం అనుకునేది. నేనూ లోకంలో మనిషినే.

సాక్ష్యాలు నా ముఖాన కొడుతూనే ఉన్నాయి. ముందు తలుపు కింద ఇంకొక పలచని పసుపు మరక ఉంది. అక్కడేముంది? ఏమీ లేదు. ఏమీ లేని చోట మోత ఉండదు కాబట్టి అది ప్రతిధ్వని అయి ఉంటుందనుకున్నాను. రంగుల స్కేలు పది డెసిబెళ్ల మేర పరిచి ఉంది. దాన్ని రెండు డెసిబెళ్లకి కుదించాను. పసుపు మరక మాయమైంది. ఎర్ర మరక కూడా చిక్కి, ముద్దుగా, కొసదేలి కనిపించింది. నిజానికి అది ముద్దుగా ఉండాల్సిన మరక కాదు. 700 హెర్ట్‌జ్ దగ్గర తరంగం పొడవు సుమారు అర మీటరు. రెండు మీటర్ల చట్రంతో ఏడున్నర మీటర్ల దూరం నుంచి చూస్తే, రెండుంబావు మీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు మోతల్ని ఆ పనిముట్టు విడదీసి చూపలేదు. అంటే చక్రమూ సైలెన్సరూ దాని కంటికి ఒకే మరకలోవి. ఆ మరకని కత్తిరించి, బొట్టంత చేసి, నా తీర్పుకి తగ్గట్టు పెట్టాను.

ఇంకా ఘోరమైనది ఉంది. 50, 72, 90 కిలోమీటర్ల వేగాల్లో తీసిన బొమ్మల్ని పక్కపక్కన పెడితే, వేగం పెరిగే కొద్దీ మరక వెనక్కి జరుగుతోంది. కారుకి బిగించిన వస్తువు వేగాన్ని బట్టి జరగదు. బడి పిల్లవాడైనా అక్కడ ఆగుతాడు. నేను ఆగలేదు. వేగం పెరిగితే సైలెన్సరు నుంచి వచ్చే వేడి వాయువు ఇంకా వెనక్కి సాగుతుందని, మోత దానితోపాటే జరుగుతోందని ఒక కారణం కల్పించి, స్లైడు మీద బాణం గుర్తు కూడా వేశాను. ఆ బాణం నీలం రంగుది. బాగా కుదిరింది.

700 హెర్ట్‌జ్ ఇంజనుదెలా అవుతుందని ఒక్కరైనా అడుగుతారేమోనని మీటింగులో భయపడ్డాను. నాలుగు సిలిండర్ల ఇంజను 2400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 80 సార్లు మండుతుంది. దాని అసలు గొంతు అక్కడుంటుంది. ఆ స్వరానికి తరంగం పొడవు నాలుగు మీటర్ల పైమాటే. కారు కన్నా పెద్ద అల కారులో ఏ మూల నుంచి వచ్చిందో నా చట్రం చెప్పనే చెప్పలేదు. అందుకని 80ని వదిలేసి, చెప్పగలిగిన 700నే పట్టుకున్నాను. ఒకే గేరులో పోతుంటే ఇంజను వేగమూ చక్రం వేగమూ కలిసే పెరుగుతాయి. మోత స్వరం వేగంతోపాటు పెరుగుతోంది చూడండి, ఇంజనుదే అన్నాను. ఎవరూ అడగలేదు. రంగులున్న బొమ్మ తెర మీదుంటే మనుషులు బొమ్మనే చూస్తారు, చెప్పేవాణ్ణి నిలదీయరు.

లోపల ఎక్కువ దూది కూరిన కొత్త సైలెన్సరు నమూనా చేయించారు. దానికి ఖర్చెంతో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. బిగించారు. కారు మళ్లీ అదే ట్రాకు మీద, అదే వేగంతో వెళ్లింది. మీటరు మీద అంకె కదల్లేదు. గుర్రు అలాగే ఉంది.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్న కారు తీశాడు. 80 దాకా పోనిచ్చి, గేరు తీసి న్యూట్రల్లో వదిలేశాడు. ఇంజను గొంతు దిగిపోయింది. గుర్రు దిగలేదు. కారు నెమ్మదించే కొద్దీ దానితోపాటే సన్నగా దిగింది. "గేరు తీసినా అట్టనే అరస్తా ఉండాది గదా సార్," అన్నాడు. కారు పక్కకి ఆపి, దిగి, వెనక టైరు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఒక వైపుకి నిమిరితే నునుపుగా ఉంది. ఎదురు నిమిరితే వేళ్లకి గరుకుగా తగిలింది. ముందు చక్రాలు లాగే కార్లలో వెనక టైర్లు ఇలా అరగడం మామూలే. ఒక్కొక్క రబ్బరు గడ్డకీ ఒక అంచు అరిగి, రెండో అంచు మిట్టగా మిగులుతుంది. ఆ గడ్డల మధ్య ఎడం మూడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. సెకనుకి 20 మీటర్లు దొర్లే టైరు సెకనులో అలాంటి గడ్డల్ని రోడ్డు మీద ఎన్నిసార్లు కొడుతుందో అక్కడే ట్రాకు పక్కన నిలబడి భాగించాను. సుమారు 700.

మైకులు లేవు, కెమెరా లేదు, సాఫ్ట్‌వేరు లేదు. ఒక గేరు, ఒక అరచెయ్యి.

అయినా నా అహం చావలేదు. టైరే కావచ్చు, కానీ నా బొమ్మ అబద్ధం ఎందుకు చెప్పింది? తప్పు ఎండదన్నాను. సాఫ్ట్‌వేర్లో శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు, అంటే 20 డిగ్రీల లెక్క. ట్రాకు మీద 40 డిగ్రీలు, అప్పుడు అది 355. ఆ తేడాయే మరకని జరిపిందని, ఈ సంగతి మీద ఒక నోటు రాసి మా విభాగం పెద్ద మేడం గదికి పట్టుకెళ్లాను. ఆవిడ కాకినాడ మనిషి. నోటు తెరవలేదు.

"మైకులు కారుకి ఎంత దూరంలో పెట్టావు?"

"ఏడున్నర మీటర్లండి."

"చప్పుడు అంత దూరం రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"22 మిల్లీసెకన్లు."

"ఆ 22 మిల్లీసెకన్లూ కారు ఆగి ఉందా?"

72 కిలోమీటర్లంటే సెకనుకి 20 మీటర్లు. 22 మిల్లీసెకన్లకి 44 సెంటీమీటర్లు. టైరు దగ్గర పుట్టిన మోత మైకుల్ని చేరేసరికి కారు 44 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోయింది. మోతేమో పాత చోటుని చూపిస్తోంది, నా కెమెరా కొత్త చోటులో ఉన్న కారుని ఫొటో తీసింది. వెనక చక్రం మోత 44 సెంటీమీటర్లు వెనక, సైలెన్సరు మీద పడింది. ముందు చక్రం మోత అంతే వెనక్కి జరిగి, ఏమీ లేని తలుపు కింద పడింది. నేను స్కేలు కుదించి చెరిపేసిన పసుపు మరక అదే. ఎర్ర మరకకీ దానికీ మధ్య దూరం కొలిచి ఉంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరమే వచ్చేది. 50 కిలోమీటర్లకి జరుగుడు 30 సెంటీమీటర్లు, 90కి 55. నా నీలం బాణం గుట్టు అదీ.

"ఎండ సంగతి..." అని నసిగాను. ఆవిడ కాగితం నా వైపు తోసింది. ఎండ వల్ల వచ్చే తేడా ఒకటిన్నర సెంటీమీటర్లు. అది నాతోనే కట్టించింది.

ఆ సాయంత్రం నేను చెప్పే పాఠాల స్లైడ్లు తిరగేశాను. అందులో లుఫ్తాన్సా విమానాల కథ ఉంది. ఎయిర్‌బస్ ఎ320 రెక్కల కింద ఇంధన ట్యాంకుల ఒత్తిడి సర్దుబాటుకి గుండ్రటి రంధ్రాలుంటాయి. దిగేటప్పుడు వాటి మీదుగా గాలి పోతుంటే, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు కూత వస్తుంది. జర్మన్ విమాన, అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్, లుఫ్తాన్సా కలిసి నేల మీద మైకులు పరిచి, పైనుంచి పోయే విమానాల్ని విని, ఆ కూత ఇల్లు పట్టుకున్నారు. రంధ్రానికి ముందు చిన్న లోహపు ముక్క బిగిస్తే కూత పోయింది. 2014లో లుఫ్తాన్సా విమానాలకి అవి పెట్టడం మొదలైంది. 300 మీటర్ల ఎత్తులో, సెకనుకి 75 మీటర్ల వేగంతో పోతున్న విమానం మోత నేలకి చేరడానికి ఒక సెకనుకి కాస్త తక్కువ పడుతుంది. ఈలోగా విమానం 60 మీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. ఎ320 పొడవు 38 మీటర్లు కూడా లేదు. వాళ్లు నా పద్ధతిలో కొలిచి ఉంటే ఆ లోహపు ముక్కని తోక వెనక ఖాళీ ఆకాశంలో బిగించాల్సి వచ్చేది.

ఈ స్లైడుని నేను ఎన్నో తరగతుల్లో చూపించాను. "ఇక్కడ విమానం కదలికని సరిదిద్దాలి" అని కింద అండర్‌లైన్ కూడా చేసి ఉంది. విమానమంటే దిద్దాలి, కారంటే ఏముందిలే అన్నట్టుంది నా వ్యవహారం. ఇంకో స్లైడులో బార్సికోవ్, ఆయన సహచరులు 1987లో అచ్చువేసిన పరిశోధన ఉంది. వేగంగా పోయే రైలు పక్కన మైకుల్ని వరసగా నిలబెట్టి, చక్రాలూ పట్టాలూ కలిసే చోటి మోతని విడిగా పట్టిన పని అది. కార్లలోనూ ఒక మోస్తరు వేగం దాటితే ఇంజను కన్నా టైర్ల మోతే పైచేయి అని దాని కిందే రాసి ఉంది. నా చేతిరాతే.

లైట్ బ్యారియర్ల పెట్టె దింపించాను. వైర్లు నేనే లాగాను. కదిలే బండి పద్ధతిలో లెక్క తిరగబడుతుంది. చుక్కలన్నీ కారుతోపాటు ప్రయాణిస్తాయి. ఒక్కొక్క చుక్క నుంచి మోత బయల్దేరిన క్షణాన ఏ మైకు ఎంత దూరంలో ఉందో చూసి, అది చేరే క్షణం కట్టి, ఆ మైకు రికార్డింగులో సరిగ్గా ఆ క్షణపు విలువని తీసుకోవాలి. ఇలా చేస్తే డాప్లర్ వంకర కూడా దానంతటదే సర్దుకుంటుంది. 1845లో బైస్ బాలట్ అనే డచ్చాయన ఊట్రెక్ట్ దగ్గర రైలు మీద బాకాలు ఊదేవాళ్లని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవాళ్లని నిలబెట్టి పరీక్షించిన వంకర అది. 72 కిలోమీటర్ల వేగంలో వచ్చేటప్పుడు మోత దాదాపు ఒక స్వరస్థానం ఎక్కుతుంది, పోయేటప్పుడు అంతే దిగుతుంది. నా 700 హెర్ట్‌జ్ గుర్రు 743 నుంచి 661కి జారుతుంది. మా అమ్మ వీణ వాయించేది. ఆవిడ ఆ ట్రాకు పక్కన నిలబడి ఉంటే ఒక్క పరుగుకే చెప్పేసేది, కారు కదులుతోందిరా అని.

కొత్త బొమ్మలో రెండు మరకలు వచ్చాయి. రెండూ టైర్లు రోడ్డుని తాకే చోటే, వెనకది ఎర్రగా, ముందుది పసుపుగా. ఈసారి స్కేలు పది డెసిబెళ్లే ఉంచాను. మరకలు వెడల్పుగా, అనాకారిగా ఉన్నాయి. మూడు వేగాల్లోనూ ఒక్కచోటే ఉన్నాయి. టైర్లు మార్చారు, గుర్రు పోయింది. రిపోర్టులో కనుక్కున్నవాళ్ల వరసలో అన్న పేరు కూడా పెట్టమని మేడం అంది. పెట్టాను. ఆయనకి చూపిస్తే, "జల్లెడ కూడా పనికొచ్చింది లెండి సార్," అన్నాడు. ఓదార్చాడో ఎగతాళి చేశాడో నాకు అంతు చిక్కలేదు.

పాత బొమ్మని సర్వర్లోంచి తీసెయ్యాల్సింది. తీయలేదు. ఆ ఏడాది చివర కంపెనీ క్యాలెండరు కోసం పరీక్షల విభాగం నుంచి ఒక మంచి బొమ్మ పంపమన్నారట. నేను సెలవులో ఊళ్లో ఉన్నాను. ఎవరో వెతికి, ఉన్నవాటిలో అందమైనది పంపారు. కొత్త ఏడాది మే నెల పేజీ మీద నిగనిగలాడుతూ అచ్చయింది: సైలెన్సరు మీద బొట్టంత ఎరుపు, వెనక్కి పోతున్న నీలం బాణం, అడుగున నా పేరు. మేడం గదిలో ఆగస్టులో కూడా మే నెలే వేలాడుతోంది.